బోర్డులు మారాయి, క్యూ తగ్గలేదు: బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో సంస్కరణ అంటే జనానికి ఎందుకు భయం?

ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లలో పొద్దున 8 కొట్టకముందే ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. పిల్లాడికి మూడు రోజులుగా జ్వరం తగ్గడం లేదు. లేదా పెద్దావిడకి కాలు వాచింది. ఇంటి దగ్గరి జీపీ, అంటే ఏ జబ్బుకైనా మొదట చూసే మామూలు డాక్టరు, క్లినిక్‌లో ఆ రోజు అపాయింట్‌మెంట్లు ఇవ్వడం 8 గంటలకు మొదలుపెడతారు. సరిగ్గా 8కే నొక్కినా ఎంగేజ్ వస్తుంది. నాలుగైదు సార్లు చేశాక లైన్ కలుస్తుంది, మీ ముందు ఇంతమంది ఉన్నారని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. వంతు వచ్చేసరికి ఆ రోజు ఖాళీలు అయిపోతాయి. రేపు పొద్దున మళ్లీ 8కి చేయమంటారు. దీనికి అక్కడ ఒక పేరే పెట్టుకున్నారు, 'ఎనిమిదింటి తోపులాట' అని. 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ తన మ్యానిఫెస్టోలో దీన్ని ఆపుతామని మాట ఇచ్చింది. ఒక దేశపు ఎన్నికల వాగ్దానాల్లోకి ఫోన్ క్యూ ఎక్కిందంటే ఆ క్యూ ఎంత పొడుగ్గా ఉందో అర్థం చేసుకోవచ్చు.

ఒంట్లో బాగాలేకపోతే ఊళ్లో ఏదో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్లి, ఫీజు కట్టి, టోకెన్ తీసుకుని కూర్చోవడం మనకి అలవాటు. బ్రిటన్‌లో అలా కుదరదు. ప్రతి మనిషీ ఒక జీపీ దగ్గర పేరు రాయించుకోవాలి. మోకాలు నొప్పయినా, గుండె దడ అయినా ముందు ఆ జీపీయే చూడాలి. ఆయన రాసి పంపితేనే పెద్ద డాక్టరు. డాక్టరు చూసినందుకు మాత్రం డబ్బు అడగరు. ఒకే గుమ్మం గుండా అందరూ వెళ్లాల్సిన చోట ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతే, లోపల ఎంత గొప్ప వైద్యం ఉన్నా రోగికి ఒరిగేదేమీ ఉండదు.

జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, 1948 జూలై 5న మొదలైంది. అప్పటి ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్ వేల్స్‌లోని ట్రెడెగర్ అనే బొగ్గుగనుల ఊరివాడు. అక్కడ గని కార్మికులు తమ కూలిలోంచి కొంత కొంత వేసుకుని డాక్టర్లను, ఆస్పత్రిని నడుపుకునేవాళ్లు. ఆ ఊరి పద్ధతినే బెవన్ దేశం మొత్తానికీ తెచ్చాడని చెబుతారు. ఆ ఏడాది ఇంటింటికీ పంచిన కరపత్రంలో ఒక మాట ఉంది: ఇది దానధర్మం కాదు, దీనికి మీరే పన్నుల రూపంలో డబ్బు కడుతున్నారు అని. ఉచిత వైద్యం దొరికే చోటుని 'ధర్మాసుపత్రి' అని పిలుచుకున్న మనకి ఆ మాట బరువు బాగా తెలుస్తుంది. ధర్మాసుపత్రిలో దొరికింది తీసుకుని దణ్ణం పెట్టి రావాలి. అదే హక్కు అనుకుంటే గట్టిగా అడగొచ్చు. బ్రిటన్ జనం ఈ రోజు గట్టిగా అడుగుతున్నారంటే కారణం అదే.

ఎన్‌హెచ్‌ఎస్ ఎలా నడుస్తోందని 1983 నుంచి జనాన్ని అడుగుతున్న ఒక సర్వే ఉంది. 2010లో 70 శాతం మంది తృప్తిగా ఉన్నామన్నారు. 2024లో ఆ సంఖ్య 21 శాతం. అప్పటికి ఆ సర్వే చరిత్రలోనే అది అతి తక్కువ. విచిత్రం ఏమిటంటే, వైద్యం అందరికీ ఉచితంగా అందాలన్న సూత్రం అలాగే ఉండాలా అని అడిగితే అదే జనంలో పదింట తొమ్మిది మంది ఉండాలనే అంటున్నారు. ఈ రెండు జవాబుల్నీ కలిపి చదవకపోతే బ్రిటన్‌లో జరుగుతున్న గొడవ అర్థం కాదు. ఇల్లు నచ్చక కాదు, కప్పు కారుతోందని వాళ్ల బాధ. అలాంటప్పుడు రిపేరు చేస్తామని ఎవరైనా వస్తే సంతోషించాలి కదా? కానీ 'సంస్కరణ' అన్న మాట వినగానే అక్కడ చాలామందికి గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే యాభై ఏళ్లుగా రిపేరు పేరుతో వాళ్లు చూసింది ఎక్కువగా బోర్డులు మార్చడమే.

1974లో మొత్తం నిర్మాణాన్ని ఒకసారి మార్చారు. 1983లో ఒక సూపర్‌మార్కెట్ సంస్థ పెద్ద చేత నివేదిక రాయించి ఆస్పత్రులకు మేనేజర్లను తెచ్చారు. 1990 చట్టంతో 'లోపలి మార్కెట్' వచ్చింది. ఆరోగ్యశ్రీ నడిచే తీరు చూసినవాళ్లకి ఇది సులువుగానే అర్థమవుతుంది. ఒక పక్క వైద్యాన్ని కొనే సంస్థ, ఇంకో పక్క దాన్ని అమ్మే ఆస్పత్రి, మధ్యలో రేట్లు, బిల్లులు. తేడా ఏమిటంటే అక్కడ రెండు పక్కలా ప్రభుత్వమే. అప్పటిదాకా ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ముల మధ్య గోడ కట్టి, ఒకరి దగ్గర ఒకరు సరుకు కొనుక్కోమన్నట్టు అయింది. పోటీ వస్తే పని బాగుపడుతుందని ప్రభుత్వం నమ్మింది. కొన్ని చోట్ల చురుకుదనం వచ్చింది కూడా. దాంతోపాటే కాంట్రాక్టులు రాసేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు పెరిగారు.

అన్నిటికన్నా ఎక్కువ చేదు మిగిల్చింది 2012 చట్టం. 2010లో అధికారంలోకి వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం, పైనుంచి రుద్దే పునర్వ్యవస్థీకరణలు ఇక ఉండవని తన ఒప్పంద పత్రంలోనే రాసుకుంది. రెండు నెలలు తిరక్కుండానే ఆరోగ్య మంత్రి ఆండ్రూ లాన్స్‌లీ ఎన్‌హెచ్‌ఎస్ చరిత్రలోనే అతి పెద్ద పునర్వ్యవస్థీకరణను ప్రకటించాడు. అది అంతరిక్షం నుంచి చూసినా కనబడేంత పెద్దదని అప్పటి ఎన్‌హెచ్‌ఎస్ ప్రధానాధికారి డేవిడ్ నికల్సన్ అన్న మాట అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎక్కడికక్కడ వైద్యాన్ని కొనే 150కి పైగా స్థానిక ట్రస్టుల్ని రద్దుచేసి, వాటి చోట జీపీలు నడిపే 211 బృందాల్ని పెట్టారు. పైన ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ అని కొత్త సంస్థ వచ్చింది. ఉద్యోగాలు పోయి పరిహారం తీసుకున్నవాళ్లలో వేల మంది తిరిగి కొత్త సంస్థల్లోనే చేరారు. పదేళ్లు తిరక్కుండా, 2022లో ఆ బృందాల్నీ తీసేసి 42 పాలక బోర్డులు పెట్టారు. 2025 మార్చిలో ప్రధాని కీర్ స్టార్మర్ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్‌నే రద్దుచేసి మంత్రిత్వ శాఖలో కలిపేస్తామని ప్రకటించాడు. ఆ 42 బోర్డుల్నీ ఖర్చు సగానికి తగ్గించుకోమన్నారు. స్వయంగా సర్జన్ అయిన లార్డ్ అరా డార్జీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో, 2012 చట్టం లాంటి విపత్తు ప్రపంచంలో ఇంకెక్కడా లేదని రాశాడు.

ఈ మార్పుల్లో ప్రతిదానికీ ఒక తర్కం ఉంది, చేసినవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. కానీ వెయిటింగ్ లిస్టు తన దారిన తాను నడిచింది. 2010 ప్రాంతంలో సుమారు 25 లక్షలున్న ఆ జాబితా, కోవిడ్ రాకముందే 46 లక్షలకు చేరింది. 2023 సెప్టెంబరు నాటికి 77 లక్షలు. ఒకే మనిషి రెండు మూడు చికిత్సల కోసం అందులో ఉండొచ్చు కాబట్టి మనుషుల లెక్క కొంత తక్కువే. అయినా ఆ అంకెల్లో ఉన్నది తుంటి ఎముక అరిగి మేడ మెట్లు ఎక్కలేని మనిషి. జీపీ పంపిన 18 వారాల్లోపు నూటికి 92 మందికి చికిత్స మొదలవ్వాలన్న నియమాన్ని ఎన్‌హెచ్‌ఎస్ చివరిసారి అందుకున్నది 2015-16 ప్రాంతంలో. ఆ దేశంలో డబ్బున్నవాళ్లు ఇప్పుడు సొంత డబ్బుతో తుంటి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. లేనివాళ్లు నొప్పి మాత్రలతో గడుపుతున్నారు. ఉచితం అన్నది చట్టంలో ఉండగానే ఆచరణలో ఇలా చేయి జారిపోతుందేమోనన్న బెంగ జనంలో ఉంది.

పళ్ల విషయంలో ఆ బెంగ ఇప్పటికే నిజమైంది. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగరంలోని సెయింట్ పాల్స్ అనే పేటలో ఒక డెంటల్ క్లినిక్ ఎన్‌హెచ్‌ఎస్ రోగుల్ని తీసుకుంటుందని తెలిసింది. తెల్లారేసరికి వందల మంది వీధి పొడుగునా బారులు తీరారు. చివరికి పోలీసులు రావాల్సి వచ్చింది. పన్ను పీకించుకోవడానికి, పిల్లలకి పళ్లు చూపించడానికి చలిలో నిలబడిన ఆ జనం ఫోటోలు దేశమంతా చూసింది. పళ్ల వైద్యాన్ని ఎవరూ చట్టం చేసి ప్రైవేటుకి ఇవ్వలేదు. కాంట్రాక్టు గిట్టుబాటు కాక డెంటిస్టులు ఒక్కొక్కరే ఎన్‌హెచ్‌ఎస్ పని తగ్గించుకున్నారు. మెల్లగా, చప్పుడు లేకుండా ఒక హక్కు ఎలా కరిగిపోతుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అందుకే ప్రైవేటీకరణ అన్న భయాన్ని కొట్టిపారేయడం తప్పు. అయితే దాన్ని సరైన చోట వెతకాలి. జీపీ క్లినిక్కులు 1948 నుంచీ కాంట్రాక్టు మీద నడుస్తున్న స్వతంత్ర సంస్థలే. మందుల షాపులూ, కళ్లద్దాల షాపులూ అంతే. ప్రైవేటు చేయి తగిలిన ప్రతిదీ దోపిడీ అంటే ఎన్‌హెచ్‌ఎస్ పుట్టుకనే తప్పుపట్టాలి. చూడాల్సింది ఏ పని ఎవరికి వెళుతోంది, దాని వల్ల వెనక ఏం మిగులుతోంది అని. కంటి శుక్లాల ఆపరేషన్లు తీసుకోండి. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతో జరిగే వాటిలో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటు సెంటర్లలోనే జరుగుతున్నాయి. రోగికి త్వరగా చూపు వస్తోంది, అది మంచిదే. కానీ సులువైన కేసులు అటు వెళ్లిపోతే క్లిష్టమైనవి ప్రభుత్వ ఆస్పత్రికి మిగులుతాయి. చేయి తిరగాల్సిన కుర్ర డాక్టర్లకి నేర్చుకోవడానికి సులువైన కేసులు దొరకవు. గ్లకోమా లాంటి, చూపు తిరిగి తేలేని జబ్బుల క్లినిక్కుల నుంచి డబ్బూ మనుషులూ తరలిపోతారు. దీని మీద కంటి డాక్టర్లే చాలాసార్లు హెచ్చరించారు. భవనాల విషయంలోనూ అంతే. ప్రైవేటు సంస్థల చేత ఆస్పత్రులు కట్టించి ముప్ఫై ఏళ్లు వాయిదాల్లో కట్టే పద్ధతిలో వచ్చిన భవనాల విలువ సుమారు 1,300 కోట్ల పౌండ్లు అయితే, నిర్వహణతో కలిపి చివరికి కట్టేది 8,000 కోట్ల పౌండ్ల దాకా తేలుతుందని లెక్కకట్టారు. ఏ పార్టీ వచ్చినా ఆ వాయిదాలు ఆగవు.

జనం గొంతు ఎక్కడ వినబడుతుంది అన్నది ఇంకో పెద్ద గాయం. స్టాఫర్డ్ అనే ఊరి ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా జరిగినదాన్ని బ్రిటన్ ఇంకా మర్చిపోలేదు. ఆస్పత్రి యాజమాన్యం 'ఫౌండేషన్ ట్రస్ట్' అనే పెద్ద హోదా కోసం పరిగెడుతూ ఖర్చు తగ్గించింది, నర్సుల్ని తగ్గించింది. ముసలివాళ్లు మలమూత్రాల దుప్పట్లలో గంటల తరబడి పడి ఉన్నారు. కొందరు దాహానికి ఆగలేక పూల కూజాల్లో నీళ్లు తాగారని బంధువులు చెప్పారు. ఆ సమయంలో కాగితాల మీద ఆస్పత్రి బాగానే ఉంది, హోదా కూడా వచ్చింది. అక్కడ ఘోరం జరుగుతోందని ముందుగా గట్టిగా చెప్పింది అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న మామూలు మనుషులు. వాళ్లని ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 2013లో రాబర్ట్ ఫ్రాన్సిస్ విచారణ నివేదిక 290 సిఫార్సులతో వచ్చింది.

రోగుల మాట వినడానికని పెట్టిన సంస్థల కథ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1974లో కమ్యూనిటీ హెల్త్ కౌన్సిళ్లు పెట్టారు. ఆస్పత్రి మూసేస్తామంటే అడ్డుపడే అధికారం వాటికి కొంతైనా ఉండేది. 2003లో ఇంగ్లండ్‌లో వాటిని రద్దుచేసి వేరే ఫోరమ్‌లు పెట్టారు. అవి 2008 దాకా ఉన్నాయి. ఆ తర్వాత 'లింక్' అన్న పేరుతో ఇంకొకటి, అది 2013 దాకా. తర్వాత హెల్త్‌వాచ్. 2025లో దాన్ని కూడా తీసేసి ఆ పని ప్రభుత్వ శాఖకే అప్పగిస్తామన్నారు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల దగ్గరే ఫిర్యాదుల పెట్టె పెట్టినట్టు కాదా అని జనం అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఎక్కడ ఫిర్యాదు చేయాలో జనానికి తెలిసేలోపే ఆ బోర్డు మారిపోతే, ఇంకోసారి ఫిర్యాదు చేసే ఓపిక ఎవరికి ఉంటుంది?

కంప్యూటర్ల సంగతి కూడా ఇలాగే చెడింది. 2025 జూలైలో ప్రభుత్వం పదేళ్ల ప్రణాళిక ఒకటి ఇచ్చింది. వైద్యం ఆస్పత్రి నుంచి ఇంటి దగ్గరికి రావాలి, కాగితం నుంచి డిజిటల్‌కి మారాలి, జబ్బు వచ్చాక చూడటం కన్నా రాకుండా చూడాలి అని అందులో మూడు మాటలున్నాయి. మూడూ మంచివే. అయితే రికార్డుల విషయంలో జనానికి పాత అనుభవం ఉంది. 2014లో జీపీల దగ్గరి రోగుల వివరాలు ఒకచోట చేరుస్తామని ఇంటింటికీ ఒక కాగితం పంపారు. అది ప్రకటనల కాగితాల మధ్య వచ్చింది, చాలామంది చూడకుండానే చెత్తబుట్టలో వేశారు. విషయం బయటపడ్డాక గోల మొదలై, 2016లో ఆ పథకాన్నే వదిలేశారు. 2021లో మళ్లీ ప్రయత్నిస్తే పది లక్షల మందికి పైగా తమ వివరాలు ఇవ్వబోమని రాసిచ్చారు. 2023 నవంబరులో ఆస్పత్రుల డేటాను కలిపే 33 కోట్ల పౌండ్ల కాంట్రాక్టును అమెరికా కంపెనీ పలాంటిర్‌కి ఇచ్చారు. గూఢచారి సంస్థలకీ సైన్యాలకీ పనిచేసే కంపెనీ అది. ఒక ఆస్పత్రిలో తీసిన స్కాన్ ఇంకో ఆస్పత్రిలో కనబడాలని రోగులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. టెక్నాలజీ మీద వాళ్లకి కోపం లేదు. తమ జబ్బుల వివరాల మీద తమను అడక్కుండా నిర్ణయం తీసుకున్నారన్నదే వాళ్ల బాధ. ముందే ఇంటికొచ్చి మర్యాదగా చెప్పి ఉంటే వాళ్లలో చాలామంది సరే అనేవాళ్లేమో.

ఇందులో తెలుగువాళ్ల కథ కూడా కలిసి ఉంది. 1960ల నుంచి ఎన్‌హెచ్‌ఎస్ భారత ఉపఖండపు డాక్టర్ల మీద ఆధారపడుతూ వచ్చింది. ఇంగ్లిష్ డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని గనుల ఊళ్లలో జీపీలుగా, ముసలివాళ్ల వార్డుల్లో డాక్టర్లుగా వాళ్లే పనిచేశారు. గుంటూరు, విశాఖ, వరంగల్, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివి, విదేశీ డాక్టర్లకి బ్రిటన్ పెట్టే ప్లాబ్ పరీక్ష రాసి వెళ్లినవాళ్ల కుటుంబాలు ఇప్పుడు ఆ దేశంలో చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇక మాస్టర్స్ చదవడానికి వెళ్లే మన పిల్లలు వీసాతో పాటే ఆరోగ్య సర్‌చార్జి కట్టాలి. 2015లో మొదలైనప్పుడు అది ఏడాదికి 200 పౌండ్లు, విద్యార్థులకి 150. 2024 ఫిబ్రవరి నుంచి 1,035 పౌండ్లు, విద్యార్థులకి 776. ఉద్యోగం చేస్తే అందరిలాగే పన్నూ కట్టాలి. వలసవాళ్లు ఎన్‌హెచ్‌ఎస్‌ని తినేస్తున్నారని అనేవాళ్లకి ఈ అంకెలు తెలియవు, లేదా తెలిసీ చెప్పరు. ముసలివాళ్లకి సేవ చేసే కేర్ వర్కర్ల వీసా 2022లో తెరిచారు. ఏజెంట్లకి లక్షలు కట్టి వెళ్లి, అక్కడ పనే లేక మోసపోయినవాళ్లు మన దేశం నుంచి ఎందరో. 2025 జూలైలో విదేశాల నుంచి ఆ కొత్త నియామకాలు ఆపేశారు. ఆ పని ఇక ఎవరు చేస్తారన్న దానికి మాత్రం సరైన జవాబు రాలేదు.

డార్జీ నివేదికలో బోర్డుల గురించి కాకుండా గోడల గురించి రాసిన పేజీలు చదివితే అసలు జబ్బు ఎక్కడుందో కనబడుతుంది. మానసిక రోగుల్ని ఉంచిన ఒక చోట, విక్టోరియా కాలం నాటి గదుల్లో, ఎలుకలూ పురుగుల మధ్య 17 మంది మగవాళ్లకి రెండే స్నానాల గదులు. జీపీ క్లినిక్కుల భవనాల్లో ఇరవై శాతం ఎన్‌హెచ్‌ఎస్ పుట్టకముందు కట్టినవి. పోల్చదగ్గ దేశాలంత ఖర్చు పెట్టి ఉంటే భవనాలకీ యంత్రాలకీ ఇంకో 3,700 కోట్ల పౌండ్లు వచ్చి ఉండేవని ఆయన లెక్క. ఆ డబ్బు ఎటు పోయింది? రోజువారీ ఖర్చులకి చాలనప్పుడల్లా కొత్త పరికరాల పద్దులోంచి తీసి సర్దేశారు. విత్తనాల గింజలు వండుకుని తిన్న రైతు మరుసటి ఏడాది ఏం చల్లుతాడు?

ఇక అన్నిటికన్నా పెద్ద ముడి ఆస్పత్రి బయట ఉంది. 2025 జనవరిలో నర్సుల సంఘం 5 వేలకు పైగా నర్సుల అనుభవాలతో ఒక నివేదిక తెచ్చింది. రోగుల్ని నడవాల్లో, స్టోర్ గదుల్లో ట్రాలీల మీద ఉంచి చూడాల్సి వస్తోందని, పోయే ప్రాణం కూడా నలుగురు నడిచే దారిలోనే పోతోందని వాళ్లు చెప్పారు. ఆ ట్రాలీ ఎందుకు కదలదు? పైన వార్డులో మంచం ఖాళీ లేదు. అక్కడ పడుకున్న ఎనభై ఏళ్ల పెద్దమనిషికి న్యుమోనియా తగ్గి వారం అయింది. కానీ ఇంటికి పంపితే పొద్దున లేపి, స్నానం చేయించి, మాత్రలిచ్చే మనిషి లేరు. ఆ సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ది కాదు, స్థానిక కౌన్సిల్‌ది. పైగా అది ఉచితం కాదు. ఆస్తి 23,250 పౌండ్లు దాటితే కౌన్సిల్ పైసా ఇవ్వదు. 2010 నుంచీ అదే గీత, ధరలు ఎంత పెరిగినా కదల్లేదు. కేర్ హోమ్‌లో చేరాలంటే చాలాసార్లు ఇల్లు అమ్ముకోవాల్సి వస్తుంది. ఇలా సేవ దొరక్క మంచాల మీదే ఉండిపోయిన రోగులు ఆస్పత్రి మంచాల్లో 13 శాతం ఆక్రమించారని డార్జీ రాశాడు.

ఇలాంటి సేవకి ఒక మనిషి జీవితం మొత్తంలో కట్టే ఖర్చుకి ఒక పరిమితి పెట్టమని 2011లోనే ఆండ్రూ డిల్నాట్ కమిషన్ చెప్పింది. 2014లో చట్టం కూడా అయింది. 2016లో అమలు కావాల్సింది 2020కి వాయిదా పడింది, తర్వాత అటకెక్కింది. 2021లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం 86,000 పౌండ్ల పరిమితి అని మళ్లీ ప్రకటించింది. 2023 అక్టోబరు అన్నారు, 2025 అక్టోబరు అన్నారు. 2024 జూలైలో కొత్త ప్రభుత్వం దాన్ని పూర్తిగా రద్దుచేసింది. ఎన్‌హెచ్‌ఎస్ పైఅంతస్తులో ఇన్ని సంస్థలు పుట్టి, కలిసి, రద్దయిన ఈ కాలంలోనే, మంచం దగ్గర నిజంగా తేడా తెచ్చే ఈ ఒక్క మార్పు మాత్రం జరగలేదు. ఇప్పుడు లూయీజ్ కేసీ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. దాని తుది నివేదిక 2028కి రావాలి. అది వచ్చి, చట్టమై, డబ్బు కేటాయించి, సేవకు మనిషిని పంపేదాకా ఆ పెద్దమనిషి వార్డులోనే ఉంటాడు. కింద నడవాలో ట్రాలీ ఉంటుంది. బయట ఆంబులెన్స్ రోగిని దింపలేక ఆగి ఉంటుంది. ఊళ్లో ఎవరో గుండెపోటుతో పడిపోయి దాని కోసమే ఎదురుచూస్తుంటారు.